కొడియాక్‌లో ఒంటరిగా కొండమేక వేట: నా అనుభవం

రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఇన్నాళ్లు గడిచిపోయాయి. పోయిన సెప్టెంబర్‌లో అలాస్కాలోని కొడియాక్ ఐలాండ్‌కి నేనొక్కడినే మౌంటెన్ గోట్ వేటకి వెళ్లొచ్చా. ఏడో రోజుకి తిరిగొచ్చేస్తా అని ఇంట్లో చెప్పి వెళ్లి తొమ్మిదో రోజు వచ్చా. ఈ కథ ఎప్పుడు చెప్పినా అందరూ అందులోని ఎలుగుబంటి సంగతికే వెళ్లిపోతారు, మేకని కాల్చడానికి పట్టింది ఐదు నిమిషాలు, దాన్ని కిందకి మోయడానికి పట్టింది మూడు రోజులు, ఆ మూడు రోజుల గురించి ఎవరూ అడగరు. అందుకే మొత్తం రాస్తున్నా, కొంచెం పొడుగవుద్ది.

ముందు నా సంగతి. మాది ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట ఊరు, మా తాతకి గొర్రెలు మేకలు కలిపి అరవై డెబ్బై ఉండేవి. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెనకాల తిరగడమే నా పని. అంత దూరం నుంచి నడక చూసి అది పోతో, మేకో, ఈతకొచ్చిన మరకో (పడుచు ఆడమేకో) చెప్పేసేవాడు. నేను అలాస్కాలోని యాంకరేజ్ వచ్చి తొమ్మిదేళ్లయింది, ఇక్కడ ఫార్మసీలో ఉద్యోగం. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట అనేదే లేదు కాబట్టి మనవాళ్లకి ఇది వినగానే అదోలా ఉంటుంది, అర్థం చేసుకోగలను. ఇక్కడ మాత్రం ఫ్రీజర్‌లో మూస్ అనే పెద్ద దుప్పి మాంసం లేని ఇల్లు అరుదు. పక్కింటాయన నన్ను మూస్ వేటకి తీసుకెళ్లాడు, తర్వాత మూడేళ్లు జింకలు, కారిబూ అనే చలిదేశపు జింకలు. మేక మాత్రం నా సొంత పిచ్చి. తాత మీద బెంగ అనండి ఇంకేదైనా అనండి.

అసలు ఈ మౌంటెన్ గోట్ అనేది నిజానికి మేకే కాదు, మన మేకల జాతి వేరు దీని జాతి వేరు, కానీ తెల్లటి బొచ్చు, గడ్డం, నల్లటి బాకుల్లాంటి కొమ్ములు చూశాక మేక కాదంటే మా తాత ఒప్పుకోడు, నేనూ ఒప్పుకోను, అందుకే కొండమేక అనే రాస్తా. ఇంకో సంగతి, కొడియాక్‌కి ఇవి పుట్టుకతో వచ్చినవి కావు. 1952, 53లో అలాస్కాలోనే ఉన్న కీనాయ్ పెనిన్సులా నుంచి 18 మేకల్ని తెచ్చి దీవిలో వదిలారు. ఆ పద్దెనిమిదే ఏళ్లు గడిచేకొద్దీ వేలల్లోకి పాకి దీవి దక్షిణం కొస దాకా వెళ్లిపోయాయి. కొండల మీద గడ్డి తట్టుకోలేదని అక్కడి పర్మిట్లు కాస్త ధారాళంగానే ఇస్తారు. యాంకరేజ్ పక్కనున్న చుగాచ్ కొండలకి పర్మిట్ లాటరీలో మూడేళ్లు వరసగా అప్లై చేసి మూడేళ్లూ సున్నా. కొడియాక్ దక్షిణ భాగానికి రిజిస్ట్రేషన్ పర్మిట్ చాలు, లాటరీ లేదు, ఆర్‌జీ 480 అంటారు. బయటి రాష్ట్రాల నుంచి వచ్చేవాళ్లకి మాత్రం మేక వేటకి గైడ్ తప్పనిసరి, లేదంటే ఇక్కడే ఉండే దగ్గరి చుట్టం వెంట రావాలి, కాబట్టి టెక్సాస్ నుంచి "నేనూ వస్తా బ్రో" అనే ఫ్రెండ్స్‌కి ముందే చెప్తున్నా, అలా కుదరదు. నేను ఇక్కడ రెసిడెంట్ కాబట్టి ఒక్కడినే వెళ్లొచ్చు.

ఒక్కడినే వెళ్లాలని ప్లాన్ ఏం కాదు. నాతో రావాల్సిన ఫ్రెండ్‌కి ఆగస్టులో మోకాలు ఆపరేషన్ అయింది. వచ్చే ఏడు చూద్దాంలే అన్నాడు, నేను సరే అన్నా, అని ఇంటికొచ్చి బ్యాగ్ సర్దడం మొదలుపెట్టా. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మెసేజ్ రాకపోతే హెలికాప్టర్ పంపిస్తా, బిల్లు నువ్వే కట్టుకో" అంది. ఫోన్ సిగ్నల్ లేనిచోట కూడా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ ఉంది కాబట్టి ఒప్పుకుంది, అది లేకపోతే నేనూ వెళ్లేవాణ్ని కాదు. అమ్మకి చెప్పలేదు. క్యాంపింగ్ అన్నా.

కొడియాక్ ఎలుగుల గురించి ఒక మాట. ప్రపంచంలో అతి పెద్ద బ్రౌన్ బేర్లు ఇవే, కొడియాక్, దాని చుట్టుపక్కల దీవుల మీద కలిపి దాదాపు 3,500 ఉంటాయి. మంచు యుగం అయిపోయినప్పటి నుంచి, అంటే పన్నెండు వేల ఏళ్లుగా, బయటి ఎలుగులతో కలవకుండా అక్కడే ఉండిపోయాయి. అలాగని అడుగుపెట్టగానే మీద పడి తినేస్తాయనుకోవద్దు. మనిషి ప్రాణం పోయింది చాలా అరుదు, 1999లో ఒక వేటగాడు పోయాడు, అదీ వేట సందర్భంలోనే. ఎక్కువ గొడవలు మాంసం దగ్గరే జరుగుతాయి. అంటే మేక బతికున్నంత సేపూ నేనో బాటసారిని, మేక పడిన క్షణం నుంచీ అన్నం మూట నెత్తిన పెట్టుకుని తిరిగేవాణ్ని. ఇది నాకు ముందే తెలుసు. తెలిసీ ఒక తప్పు చేశా, అక్కడికొస్తా.

యాంకరేజ్ నుంచి కొడియాక్ టౌన్‌కి విమానంలో గంట. రైఫిల్‌ని తాళం వేసిన గట్టి పెట్టెలో చెక్-ఇన్ చేయొచ్చు, ఎలుగు మీదకొస్తే కొట్టే కారం స్ప్రే, అదే బేర్ స్ప్రే మాత్రం చేతి బ్యాగులోనూ ఒప్పుకోరు, చెక్-ఇన్‌లోనూ ఒప్పుకోరు, స్టవ్ గ్యాస్ కూడా అంతే, రెండూ టౌన్‌లో దిగాక కొన్నా. అక్కడి నుంచి ఫ్లోట్ ప్లేన్, అంటే నీళ్ల మీద దిగే చిన్న విమానం, బీవర్ అనే పాత మోడల్. పైలట్ అరవై దాటిన పెద్దాయన, బేర్ స్ప్రే డబ్బాలు లోపల పెట్టనివ్వకుండా తేలే పడవల్లాంటి ఫ్లోట్స్ ఉంటాయి కదా, వాటి అరలో పడేశాడు. గాల్లో ఉండగా క్యాబిన్‌లో అది పేలితే పైలట్‌కి కళ్లు కనపడవు, అంతే సంగతులు. నా బ్యాగ్ బరువు చూసి "ఒక్కడివేనా" అన్నాడు. అవునన్నా. ఇంకేం అడగలేదు, ఎన్ని రోజులకి తిండి ఉందో అడిగాడు. తొమ్మిది రోజులకి అంటే తలూపాడు. ఆ తలూపడం ఎందుకో తర్వాత అర్థమైంది.

చెరువు పేరు రాయను, ఏమనుకోవద్దు, వేటకెళ్లేవాళ్లెవరూ రాయరు. దించేసి వెళ్లిపోయాక ఇంజన్ చప్పుడు కొండ అవతలికి పోయే దాకా నిలబడి విన్నా. తర్వాత వినపడింది నా చెవుల్లో రక్తం చప్పుడే. అలాస్కాలో రూల్ ఏంటంటే విమానంలో దిగిన రోజు వేటాడకూడదు, మర్నాడు తెల్లవారుజామున 3 దాటాలి. కాబట్టి ఆ సాయంత్రం పనల్లా టెంట్ వేసుకోవడం, చుట్టూ కరెంట్ ఫెన్స్ కట్టుకోవడం. ఫెన్స్ అంటే పెద్దదేం కాదు, సన్న కడ్డీలు, మూడు వరసల తీగ, టార్చిలైట్‌లో వేసే పెద్ద సైజు బ్యాటరీలతో నడిచే చిన్న డబ్బా. పనిచేస్తుందో లేదో చూడ్డానికి గడ్డిపరకతో ముట్టుకోమంటారు, సన్నగా చుర్రుమంటుంది. నాకు చుర్రుమనలేదు. గడ్డి ఎండిందేమో అనుకుని వేలితో ముట్టుకున్నా. పనిచేస్తోంది.

మర్నాడంతా పొగమంచు. టెంట్ తలుపులోంచి చూస్తే చెరువు కూడా కనపడలేదు. వేయించి తెచ్చుకున్న రవ్వతో ఉప్మా, నిద్ర, మళ్లీ ఉప్మా. ఆ రోజు గురించి రాయడానికి ఇంకేం లేదు.

మూడో రోజు పొద్దున తెరిపిచ్చింది. చెరువు దగ్గర్నుంచి మేకలుండే ఎత్తుకి, అంటే రెండువేల అడుగుల పైకి వెళ్లాలంటే ముందు ఆల్డర్ పొదలు దాటాలి. ఇవి మన సర్వి తోపులాగా నిటారుగా పెరిగేవి కావు, మంచు బరువుకి కొమ్మలన్నీ కిందకి పడుకుని కొండవాలు వైపు పెరుగుతాయి, మనం పైకి ఎక్కుతుంటే అవి మన గుండెల మీద చేతులు పెట్టి కిందకి తోస్తుంటాయి. నాలుగు వందల గజాలకి గంటన్నర పట్టింది. మధ్యలో ఎలుగు దారులు ఉంటాయి. అది చూసి తీరాల్సిందే. దారంటే బాట కాదు, అడుగులు. ఒక ఎలుగు ఎక్కడ అడుగేసిందో దాని వెనకొచ్చేది కూడా సరిగ్గా అక్కడే వేస్తుంది, ఏళ్ల తరబడి అలా వేసీ వేసీ నాచులో పళ్లెం అంత వెడల్పున గుంటలు పడిపోయి ఉంటాయి, ఎడమ కుడి ఎడమ కుడి. నా బూటు పెట్టి చూస్తే చుట్టూ ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ. నా అడుగుకి వాటి అడుగు అందలేదు, రెండు గుంటల మధ్య నేను ఒకటిన్నర అడుగేయాల్సి వస్తోంది.

పొదల్లో చప్పుడు చేసుకుంటూ వెళ్లాలి, ఎలుగు ఉలిక్కిపడకూడదు. ఇక్కడివాళ్లు "హే బేర్, హే బేర్" అంటారు. నాకు నాలుగుసార్లు అనేసరికి సిగ్గేసింది, ఎవరూ లేరు అయినా. పాట పాడదామంటే ఊపిరి చాలదు. చివరికి ఎక్కాలు అందుకున్నా. పదమూడో ఎక్కం నుంచి పంతొమ్మిదో ఎక్కం దాకా గట్టిగా, పదిహేడు ఎనిమిదులు దగ్గర ఎప్పుడూ తడబడతా, అక్కడా తడబడ్డా. ఆ దీవి మీద తెలుగు ఎక్కాలు విన్న మొదటి ఎలుగులు అవే అయ్యుంటాయి.

పైన ఆ రోజు పదకొండు మేకలు కనపడ్డాయి, అన్నీ తల్లులు, పిల్లలు. పిల్లని, పిల్లతో ఉన్న తల్లిని కాల్చకూడదు, చట్టం. వాటికి దూరంగా ఒకటి ఒంటరిగా పడుకుని ఉంది. ఒంటరిగా ఉంటే పోతు అనుకుంటాం కదా, అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఆడదానికీ కొమ్ములుంటాయి, గడ్డమూ ఉంటుంది. తేడా ఏంటంటే ఆడదాని కొమ్ము సన్నగా నిటారుగా పోయి చివర్లో వెనక్కి వంగుతుంది, పోతుది మొదట్లోనే లావు, అడుగు నుంచి కొస దాకా ఒకటే వంపు, రెండు కొమ్ముల మధ్య సందు కూడా తక్కువ. చెప్పడానికి బానే ఉంటుంది, ఆరొందల గజాల నుంచి గాలికి ఊగే స్పాటింగ్ స్కోప్‌లో, అంటే దూరం చూసే గొట్టంలో చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. పిల్ల లేని ఆడమేకని కాలిస్తే చట్టప్రకారం తప్పు కాదు, కానీ ఆడది మొదటి పిల్లని పెట్టేసరికే నాలుగైదేళ్లు వస్తాయి, పెట్టేది కూడా మామూలుగా ఒక్కటే, అందుకని పోతుల్నే కొట్టమని వేట వ్యవహారాలు చూసే ఫిష్ అండ్ గేమ్ డిపార్ట్‌మెంట్ వాళ్లు బతిమాలినట్టు చెప్తారు. ఇక అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఒకటుంది, ఉచ్చ పోసేటప్పుడు చూడటం. ఆడది వెనక కాళ్లు వంచి కూర్చుంటుంది, పోతు కాళ్లు చాపి నిలబడుతుంది. నేను గంటా నలభై నిమిషాలు ఆ స్కోప్‌కి కన్నంటించి ఒక మేక ఎప్పుడు ఉచ్చ పోస్తుందా అని కాపలా కాశా. మాస్టర్స్ చదివా, హెచ్1బీ చూశా, గ్రీన్ కార్డ్ లైన్ చూశా, ఇంత ఓపిగ్గా దేనికీ ఎదురుచూడలేదు. చివరికి లేచింది. కూర్చుంది. ఆడది. సామాను సర్దుకుని కిందకి దిగా. తాత అయితే నడక చూసే చెప్పేవాడు.

నాలుగో రోజు పక్క లోయ. పొద్దున పదిన్నరకి రెండు తెల్ల చుక్కలు, రెండూ వెనక భాగం మురికి పట్టి పచ్చగా ఉన్నాయి, పోతులకి అలా మురికి ఎక్కువ. స్కోప్‌లో కొమ్ములు నల్లగా లావుగా కనపడ్డాయి, ఈసారి అనుమానం లేదు. కానీ పడుకున్న చోటు బండ అంచు, కింద మూడొందల అడుగుల లోయ. కాలిస్తే అది దొర్లి కింద పడుద్ది, కొమ్ములు విరుగుతాయి, మాంసం నలిగిపోతుంది, అసలు అందుకోలేకపోవచ్చు. మేకలు ఆపద కింద నుంచి వస్తుందనే చూస్తుంటాయి, పైకి పెద్దగా చూడవు. ఎండెక్కాక గాలి కూడా కింద నుంచి పైకి తిరుగుతుంది. కాబట్టి వెనక వైపు నుంచి చుట్టు తిరిగి వాటికన్నా పైకి వెళ్లాలి, రెండున్నర గంటలు పట్టింది. 220 గజాల్లో బోర్లా పడుకున్నా. అవి అక్కడే, ఆ అంచు మీదే నెమరేసుకుంటూ. నేను మళ్లీ ఎదురుచూపు. మూడు గంటల పాటు చినుకులు మెడలోంచి వీపు మీదకి కారుతూ ఉన్నాయి. వేళ్లు మొద్దుబారకుండా చంకల్లో పెట్టుకున్నా.

నాలుగున్నరకి పెద్దది లేచి ఒళ్లు విదిలించి మేత కోసం పక్కనున్న గడ్డి చెక్క మీదకి వచ్చింది. కాల్చా. అది నాలుగడుగులు అంచు వైపే నడిచింది. మేక మొండిది, ఇదీ అందరూ చెప్పేదే. రెండోది కాల్చా. మోకాళ్ల మీద కూలి, వాలులో ఓ నలభై అడుగులు జారి ఒక బండకి తట్టుకుని ఆగింది. రెండో పోతు అక్కడే నిలబడి చూసింది, తర్వాత తొందరేం లేనట్టు పైకి నడిచి వెళ్లిపోయింది.

దగ్గరికెళ్లి కూర్చున్నా. సంతోషం కన్నా ముందు ఒకలాంటి ఖాళీ వచ్చింది, అది ప్రతిసారీ వస్తుంది. గిట్ట పట్టుకుని చూశా, చుట్టూ గోరులా గట్టి అంచు, మధ్యలో మెత్తటి రబ్బరులాంటి కండ, బండ మీద జారకుండా పట్టుకునేది అదే. కండని బొటనవేలితో నొక్కితే ఇంకా వెచ్చగా ఉంది. ఒంటి మీద మన మేకపోతు వాసనే కానీ అంత ఘాటు లేదు. మా తాత కోసేటప్పుడు ముందు మెడ మీద చెయ్యేసి ఒక్క క్షణం ఆగేవాడు, ఎందుకో ఎప్పుడూ అడగలేదు, నా చెయ్యి దానంతట అదే వెళ్లింది.

ఇక్కడి నుంచి అసలు పని. పోతు బరువు రెండొందల యాభై పౌండ్ల దాకా ఉంటుంది, ఒక్కడివి కదపలేవు, అందుకే పొట్ట కొయ్యకుండా ఒక పక్క తోలు ఒలిచి, తొడ, జబ్బ, వీపు కండ తీసి, దొర్లించి రెండో పక్క. మెడ, పక్కటెముకల మాంసం కూడా తీయాల్సిందే, అలాస్కాలో తినే మాంసం వదిలేసి రావడం నేరం. కొమ్ములు కూడా మాంసం కన్నా ముందు తీసుకెళ్లకూడదు, ఆఖరి మోతతోనే వెళ్లాలి. చాలా న్యాయమైన రూల్ అని నా అభిప్రాయం. ఒంటరిగా ఉంటే కష్టం కత్తి పనిలో లేదు, వెనక్కి చూసేవాడు లేకపోవడంలో ఉంది. ఇద్దరుంటే ఒకడు కోస్తాడు ఒకడు కాపలా. నేను ఫోన్‌లో నాలుగు నిమిషాలకోసారి అలారం పెట్టుకున్నా, మోగగానే కత్తి పక్కన పెట్టి నిలబడి చుట్టూ ఒక రౌండ్ చూడటం, మళ్లీ కూర్చోవడం. చేతులు నెత్తుటితో జారుతుంటే ఫోన్ ఆపడం రాక ముక్కుతో నొక్కేవాణ్ని.

ఎముకలు తీసేశాక మాంసం ఓ డెబ్బై ఐదు పౌండ్లు, తోలు తల కలిపి ఇంకో ముప్ఫై ఐదు. ఒక్క మోతలో కాదు. నలభై పౌండ్ల మాంసం వీపున వేసుకున్నా, మిగతా సంచుల్ని, తోలుని మిగిలిన కళేబరం దగ్గర్నుంచి దూరంగా ఒక ఎత్తు బండ మీద పెట్టా. ఎంత దూరం? నూట ఎనభై గజాలు. ఇదే నా తప్పు. గట్టు దాటించి ఇంకో నాలుగొందల గజాలు మోసి ఉంటే రెండు చోట్లకి మధ్య కొండ అడ్డం ఉండేది. కానీ చీకటి పడబోతోంది, మోకాళ్లు వణుకుతున్నాయి, చాల్లే అనుకున్నా. చాల్లే అనే మాటే కొంప ముంచుతుంది అని మా నాన్న అంటుంటాడు, ట్రాక్టర్ విషయంలో.

టెంట్ చేరేసరికి రాత్రి పదీ నలభై. తలకి కట్టుకున్న లైట్ వెలుగులో ఆల్డర్ పొదలు, వీపు మీద పచ్చి మాంసం, ఎక్కాలు చదువుతుంటే గొంతు బొంగురుపోయింది. మాంసం టెంట్‌కి నూట యాభై గజాల అవతల, పొద్దున లేవగానే కనపడే చోట కొమ్మకి కట్టా. మెసేజ్ పెట్టా, "మేక దొరికింది, బానే ఉన్నా". రిప్లై వచ్చింది: "తిన్నావా?"

ఐదో రోజు పొద్దున బైనాక్యులర్స్‌లో పైకి చూస్తే కళేబరం దగ్గర మట్టి రంగు మారింది. ఆ మట్టి కదిలింది. తల్లి ఎలుగు, దానితో రెండు పిల్లలు. ముందు తిన్నాయి, తర్వాత తల్లి ముందుకాళ్లతో నాచు, మట్టి, గడ్డి గీకి గీకి దాని మీద కుప్పేసింది, అలా కప్పెట్టాక దాని మీదే పడుకుంది. కప్పెట్టిందీ అంటే అది ఇక దానిదే. నా మాంసం సంచులు అక్కడికి నూట ఎనభై గజాలు. పిల్లల్లో ఒకటి తల్లి మీదకెక్కి జారుతోంది, మళ్లీ ఎక్కుతోంది. ఇంకెప్పుడైనా అయితే ముచ్చటగా ఉండేది.

ఆలోచనలు రకరకాలుగా వచ్చాయి, దాచుకోవడం ఎందుకు. వెనక గట్టు మీదుగా వెళ్లి నెమ్మదిగా సంచులు లాక్కొచ్చేద్దామా, గాలిలోకి ఒకటి పేలిస్తే పోతుందేమో, ఇలాంటివి. తుపాకీ చప్పుడు వింటే అన్నం గంట అనుకుని ఎలుగులు వస్తాయని ఇక్కడి వేటగాళ్లే చెప్తారు. పిల్లల తల్లి, తన తిండి మీద పడుకుని ఉంది, నేను ఒక్కణ్ని, ముప్ఫై ఐదు పౌండ్ల మాంసం కోసం. మాంసం కోసం దాన్ని కాల్చే ప్రశ్నే లేదు, నన్ను చంపబోతే తప్ప. మధ్యాహ్నం దాకా అలా చూస్తూ కూర్చున్నా. రెండున్నరకి పొగమంచు దిగి మొత్తం కప్పేసింది. కనపడుతున్నంత సేపు బానే ఉన్నా, కనపడటం ఆగిపోయాక కడుపులో తిప్పడం మొదలైంది. ఆ రాత్రి ఫెన్స్ తీగ రెండుసార్లు చెక్ చేశా, ఈసారి గడ్డిపరకతోనే.

ఆరో రోజు మంచు విడిచేసరికి తొమ్మిదైంది. కుప్ప దగ్గర ఎవరూ లేరు. లేరంటే లేనట్టు కాదు, అందుకని వెతికా, గంట సేపు. చివరికి కింద లోయలో వాగు మలుపు దగ్గర, నా లెక్కలో మైలు దూరంలో దొరికారు ముగ్గురూ, సాల్మన్ చేపలు పడుతున్నారు. అది చూశాక ఒంట్లోకి ప్రాణం వచ్చింది. వేరే ఎలుగులు ఉండవని కాదు, కానీ ఆ తల్లి ఎక్కడుందో తెలిసింది కదా. పై గట్టు మీదుగా, గాలి నా వీపు మీదుగా వాటి కుప్ప వైపు వీచేలా, నేను వస్తున్నట్టు వాసన ముందే వెళ్లాలని, ఎక్కాలు అరుచుకుంటూ వెళ్లా. బండ మీద సంచుల్లో ఒకటి లేదు. ముప్ఫై గజాల అవతల చిరిగి పడి ఉంది, చుట్టూ నక్క అడుగులు, పక్కటెముకల మాంసం సగం పోయింది. కాకులు ఇంకో సంచి మూల పొడిచాయి. ఎలుగు మాత్రం ఆ బండ వైపే రాలేదు. ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అది నా తెలివి మాత్రం కాదు.

మిగిలింది, తోలు, తల మొత్తం ఒకే మోతగా కట్టి దిగా. డెబ్బై పౌండ్ల దాకా ఉంటుంది. ప్రతి వంద అడుగులకీ బండకి ఆనుకుని ఆగడం. ఒకచోట కూర్చుంటే మళ్లీ లేవలేకపోయా, పక్కకి దొర్లి నాలుగు కాళ్ల మీద లేచా, అచ్చం మేకలాగే.

ఏడో రోజు విమానం రావాలి. గాలి, వాన. పైలట్ నుంచి మెసేజ్, "ఈరోజు కాదు". ఎనిమిదో రోజు కూడా "ఈరోజు కాదు". అప్పుడర్థమైంది ఆయన తిండి ఎన్ని రోజులకని ఎందుకడిగాడో. చలి బాగానే ఉంది కాబట్టి మాంసానికి ఇబ్బంది లేదు, తడవకుండా పైన టార్ప్ కట్టి, గాలి తగిలేలా సంచులు తిప్పి తిప్పి వేలాడదీయడమే పని. ఊరగాయ వాసనొస్తుందని ఇంట్లోనే వదిలేసి వచ్చా, కానీ మా ఆవిడ ఎలుగు తెరవలేని డబ్బాలో అడుగున చిన్న సీసాలో కారప్పొడి పెట్టింది. వీపు లోపలి మెత్తటి కండ పల్చగా కోసి, ఉప్పు, ఆ కారప్పొడి వేసి, టెంట్‌కి బాగా దూరంగా వెళ్లి గిన్నెలో వేయించుకున్నా. వానలో నిలబడి తిన్నా. తొమ్మిదో రోజు పొద్దున చెరువు ఒడ్డున బురదలో ఒక కొత్త అడుగు కనపడింది, ఫెన్స్‌కి పదిహేనడుగుల దూరంలో, రాత్రి ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో. మెలకువ రానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నా. పదకొండింటికి బీవర్ వచ్చింది.

కొడియాక్ టౌన్‌లో ఫిష్ అండ్ గేమ్ ఆఫీసుకి కొమ్ములు తీసుకెళ్లా, నక్క తిన్న మాంసం సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పా. అక్కడి అమ్మాయి కొమ్ము మీద వలయాలు గోటితో లెక్కపెట్టి ఆరేళ్లది అంది. కొమ్ము తొమ్మిది అంగుళాలకి కొంచెం తక్కువ. రికార్డులేం కావు.

ఇంటికొచ్చాక అమ్మకి వీడియో కాల్‌లో నిజం చెప్పా. కాసేపు ఏం అనలేదు, తర్వాత "ఒరేయ్, మేకమాంసం కోసం అంత దూరం పోయావా, ఒంగోల్లో దొరకదా" అంది. తర్వాత "ఎన్నేళ్ల పోతు" అంది. ఆరేళ్లంటే "ముదురు, ఊరికే ఉడకదు, బొప్పాయి కాయ రుద్దు" అంది. యాంకరేజ్‌లో పచ్చి బొప్పాయి ఎక్కడ దొరుకుతుంది. మొదటిసారి కుక్కర్‌లో ఏడు విజిల్స్ పెడితే నమలలేకపోయాం. సగం కీమా పట్టించేశా. దసరాకి ఇక్కడున్న మూడు తెలుగు కుటుంబాలు వచ్చారు, కీమా ఒక్క మెతుకు మిగల్లేదు, ముక్కల కూర మాత్రం మర్యాదకి తిన్నారు. ఫ్రీజర్‌లో ఇంకా పదకొండు ప్యాకెట్లు ఉన్నాయి, ఒక్కోదాని మీద మా ఆవిడ మార్కర్‌తో రాసిపెట్టింది: "కొండమేక, 12 విజిల్స్".